యాసిడ్ పోయని సీసాలు

సముద్రానికి ఒక రాత్రి బస్సు ప్రయాణమంత దూరంలో, అమీర్‌పేట సందులో ఒక రెండో అంతస్తులో కూర్చుని, నా ఉద్యోగ జీవితమంతా సముద్రపు నీళ్లు పరీక్షించాను. ఈ మాట చెబితే ఇప్పటికీ నవ్వుతారు. హైదరాబాదులో సముద్రం ఎక్కడిదండీ అంటారు. సీసాల్లో వచ్చేదండీ అంటాను. కాకినాడ నుంచి, భీమిలి నుంచి, నెల్లూరు వైపు నుంచి రోజూ డబ్బాల కొద్దీ సీసాలు దిగేవి. సముద్రం ఒడ్డున పుట్టిపెరిగిన నేను పెళ్లయ్యాక పంజాగుట్టలో కాపురం పెడితే, పాపం ఆ సముద్రమే బస్సెక్కి నా వెనకాలే వచ్చింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ మెషీన్ నేర్చుకోవాలి మేడం అని అడుగుతారు. నేను నేర్చుకున్న మెషీన్లను ఇప్పుడు పాత సామాను వాడు కూడా మోయలేక వదిలేస్తాడు కాబట్టి ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పని అంటే అసలేమిటో మాత్రం చెప్పగలను. ప్రమోషన్ల సంగతి రాయను, చెప్పుకోదగ్గవి రాలేదు కూడా.

జావా క్లాసు ఇదేనా?

నేను చెబుతున్నది సాఫ్ట్‌వేర్ మహాయోగం నడుస్తున్న రోజుల మాట. అమీర్‌పేటలో గోడ కనబడితే బోర్డు, బోర్డు మీద ఒక కోర్సు పేరు. మా లేబరేటరీకి పైన ఒక ఇన్‌స్టిట్యూట్, కింద ఒక ఇన్‌స్టిట్యూట్. ఎవరో ఒకరు తలుపు తోసుకొచ్చి, తెల్లకోటులో ఉన్న నన్ను చూసి, "మేడం, జావా డెమో క్లాస్ గీడనేనా?" అని అడగని రోజు లేదు. ఒకసారి ఒకతను కుర్చీ లాక్కుని కూర్చుని, మా మెషీన్ వంక చాలాసేపు చూసి, "గిది ఏ వెర్షన్ మేడం?" అన్నాడు. మంచి పిల్లవాడే, తరవాత పై అంతస్తులో చేరాడు.

మా బంధువులందరూ నా మీద జాలిపడే రోజులవి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి సీసాలు కడుక్కుంటావేంటి, ఒక ఆర్నెల్లు కోర్సు చెయ్యకూడదా అనేవారు. వాళ్లన్నది అబద్ధమేం కాదు. మా పనిలో సగం సీసాలు కడగడమే. మేం వెతికే లోహాలు నీళ్లలో ఎంత తక్కువగా ఉంటాయంటే, సరిగ్గా కడగని సీసాలో సముద్రం కంటే సీసాయే ఎక్కువ కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతి ఒంటపట్టడానికి కొత్తవాళ్లకు ఏడాది పడుతుంది. కొందరికి ఎప్పటికీ పట్టదు, వాళ్లు మేనేజర్లవుతారు.

దసరా సీసం

మా సారు పేరు నర్సింహారెడ్డి. ఊరు మెదక్ వైపు. లేబ్ ఆయనదే. కోపం ముక్కు మీద, మంచితనం జేబులో ఉండేవి. జేబులోది బయటికి రావడానికి కొంచెం టైం పట్టేది. పొద్దున్నే రాగి చెంబులో నీళ్లు తాగనిదే ఏ కాగితం మీదా సంతకం పెట్టేవారు కాదు.

ఒక ఏడాది దసరా వెళ్లిన మర్నాటి నుంచి వచ్చిన ప్రతి సీసాలోనూ సీసం కనబడడం మొదలైంది. భీమిలి నీళ్లలో సీసం, నెల్లూరు నీళ్లలో సీసం. సారు హడలిపోయారు. "తీరమంత ఖరాబైందమ్మా పద్మజా. గవర్నమెంటుకు రాయాలె," అన్నారు. ఉత్తరం టైపుకు వెళ్లిపోయింది కూడా.

నేను ఏమీ లేని నీళ్లు, అంటే మేమే శుద్ధి చేసుకున్న నీళ్లు, మెషీన్‌లో పెట్టాను. వాటిలోనూ సీసమే. తల పైకెత్తి చూస్తే విషయం తెలిసిపోయింది. ఆయుధ పూజ నాడు సారే స్వయంగా మెషీన్ నెత్తిన పసుపు రాసి, దిట్టంగా కుంకుమ బొట్టు పెట్టారు. బజారు కుంకుమలో ఎర్రరంగు కోసం ఏం కలుపుతారో దేవుడికే తెలియాలి, ఆ బొట్టు ఎండి, ఫ్యాన్ గాలికి పొడిపొడిగా సరిగ్గా కింద నీళ్ల గిన్నెలోకి రాలుతోంది.

చెప్పగానే సారు తలెత్తి ఆ బొట్టు వంక చూశారు. తరవాత, "అమ్మవారు ఏమనుకోదు కదా?" అని అడిగారు. అమ్మవారికి కెమిస్ట్రీ తెలుసు సార్ అన్నాను. అప్పటి నుంచి పూజ ఆఫీసు గదిలో కంప్యూటర్‌కు జరిగేది. అది కూడా సాఫ్ట్‌వేర్ యుగమే కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

ప్రపంచాన్ని అనుమానించే ముందు నీ గిన్నెను అనుమానించు అని నేను చెప్పేది ఇందుకే. అయితే మీకు బాగా గుర్తుండాల్సిన కథ ఇది కాదు. గిన్నె శుభ్రంగానే ఉండి, అంకె సరిగానే వచ్చి, అయినా జవాబు తప్పయిన కథ ఒకటుంది.

కొబ్బరినీళ్లలాంటి నీళ్లు

కాకినాడ దగ్గర ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట వరలక్ష్మి గారికి రొయ్య పిల్లల హేచరీ ఉండేది. తల్లి రొయ్యలను తెచ్చి, గుడ్లు పెట్టించి, పిల్లలను పెంచి చెరువుల రైతులకు అమ్మడం ఆ వ్యాపారం. భర్త చెరువులు చూసుకునేవారు, హేచరీ పూర్తిగా ఆవిడదే. ఆ సీజన్లో వరసగా రెండు విడతల పిల్లలు ట్యాంకుల్లోనే చచ్చిపోయాయి. ఏరు నీళ్లు, ట్యాంకు నీళ్లు మా సీసాల్లో పట్టి పంపారు. చూశాం. రెండింటిలోనూ రాగి కొంచెం ఉంది, ఇంచుమించు సమానంగానే ఉంది. ఆ ఏరు నీళ్లలోనే పిల్లలు ఏళ్ల తరబడి బతికాయి కాబట్టి అంత రాగితో భయం లేదని, నీటిలో లోపం లేదని సారు సంతకం పెట్టి పంపేశారు.

కాగితం అందిన మర్నాడు ఆవిడే బస్సు దిగి వచ్చేశారు. జరీ అంచు నేత చీర, చేతిలో ప్లాస్టిక్ బుట్ట.

"నీళ్లు మంచిగున్నయమ్మా. తల్లి రొయ్యలల్లనే ఏదో జబ్బుంటది, సూపించుకోన్రి," అన్నారు సారు.

"తల్లులు కూడా బాగానే ఉన్నాయండి, ఆయ్. పక్క హేచరీ ఆయనా నేనూ ఒకే చోట తెచ్చాం. ఆయనకి బతికాయి, నాకు పోయాయి." ఆవిడ బుట్ట కింద పెట్టారు. "మూడో విడత తల్లులు గుడ్లకి సిద్ధంగా ఉన్నాయండి. ఇవీ పోతే రైతులు మా గుమ్మం తొక్కరు. మా ఆయన అప్పుడే హేచరీ కొనేవాళ్లని తీసుకొచ్చి ట్యాంకులు చూపిస్తున్నారు. నాకు చెప్పకుండాను."

చివరి మాట నన్ను పట్టేసింది. రొయ్యలు పోతే మళ్లీ వస్తాయి. చెప్పకుండా చూపించడం ఉంది చూడండి, ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూడలేకపోయాను. టీ తెప్పించి, ఈ ఏడాది హేచరీలో ఏం మార్చారండీ అని అడిగాను.

ఆవిడ మొహం కొంచెం వెలిగింది. "కొత్త ఫిల్టర్ పెట్టించామండి, బొగ్గు ఫిల్టర్. మా ఏరు నీళ్లు మడ అడవిలోంచి వస్తాయి కదండి, ఎప్పుడూ టీ డికాషన్‌లా ఉండేవి. వచ్చినవాళ్లు చూసి మొహం చిట్లించేవారు. ఇప్పుడు చూడండి, అచ్చం కొబ్బరినీళ్లే."

"ఫిల్టర్ దాటాక ట్యాంకు దాకా పైపుల్లో ఎక్కడన్నా ఇత్తడి ఉందాండి?"

"వాల్వులన్నీ ఇత్తడివేనండి, గట్టిగా ఉంటాయని. అవి మొదట్నుంచీ ఉన్నవే. వాటితో ఎప్పుడూ ఏ గొడవా లేదు."

ఇత్తడిలో ఎక్కువ పాలు రాగే. నాకు అక్కడే సగం అర్థమైంది. మిగతా సగం తెలియాలంటే మా సీసాలతో కుదరదు.

సీటు దొరికిన రాగి

ఇక్కడ కాస్త కెమిస్ట్రీ చెప్పాలి. భయపడకండి, అమీర్‌పేట షేర్ ఆటో ఎక్కినవాళ్లందరికీ ఇది తెలిసిందే.

తీరం దగ్గరి నీళ్లు ఉత్త ఉప్పునీళ్లు కావు. ఆకులు కుళ్లిన రసం, నాచు వదిలిన జిగురు, ఏరు మోసుకొచ్చిన మట్టిసారం అన్నీ అందులో కరిగి ఉంటాయి. డికాషన్ రంగు దానిదే. రాగి ఆ నీళ్లలోకి వచ్చిందంటే చాలామటుకు వీటిని పట్టుకుని కూర్చుండిపోతుంది. సీటు దొరికిన ప్రయాణికుడి వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. సీటు దొరక్క బయటికి వేలాడేవాడే పక్కవాళ్లకు తగులుతాడు. రొయ్య పిల్ల మొప్పకు తగిలి ప్రాణం తీసేది కూడా ఏ సీటూ దొరకని ఆ విడి రాగే. ఆటోలో మొత్తం ఎంతమంది ఉన్నారని లెక్కపెడితే ఈ తేడా తెలియదు. మేం ఆ రిపోర్టులో చేసింది అదే.

పైగా మా లేబ్‌కు ఒక ఆచారం ఉండేది. ఊళ్లకు పంపే ప్రతి ఖాళీ సీసాలో ముందుగానే కాస్త నైట్రిక్ యాసిడ్ పోసి పంపేవాళ్లం. లేకపోతే దారిలో లోహం సీసా గోడకు అంటుకుపోతుంది. మొత్తం ఎంతో తెలుసుకోవడానికి అది సరైన పద్ధతే. కాని యాసిడ్ పడగానే ఆ ఆకు రసాలు పట్టుకున్న రాగినంతా వదిలేస్తాయి. ఎవరు కూర్చున్నారో ఎవరు వేలాడుతున్నారో చూద్దామంటే, అందరినీ దింపేసి వరసలో నిలబెట్టి లెక్కపెట్టినట్టు అవుతుంది. వరలక్ష్మి గారు నీళ్లు పట్టిన క్షణంలోనే, ఆ సీసాలోనే, మాకు కావలసిన జవాబు చెరిగిపోయింది.

యాసిడ్ లేని సీసాలు ఇస్తానని సారుతో అన్నాను.

"యాసిడ్ వెయ్యకుండ నీళ్లు తెప్పిస్తవా? రాగి గోడకు అంటుకపోదా? గింత సర్వీసుల గది ఎరుకలేదా నీకు?"

"ఐసులో పెట్టి ఒక్క రాత్రిలో తెస్తే ఎక్కువ అంటుకోదు సార్. అదే నీళ్లతో రెండుసార్లు తొలిపి మరీ పడతారు."

"రాగి గంత చెడ్డదా? నేను రోజు తాగుతలేనా?" చెంబు చూపించారు.

"మీరు రొయ్య పిల్ల కాదు కదా సార్."

వరలక్ష్మి గారు చీర చెంగు నోటికడ్డం పెట్టుకున్నారు. సారు ఆవిడ వంకా నా వంకా చూసి, "సరే, మెషీన్ ఖాళీగున్నప్పుడు చేస్కో. నన్నడగకు," అన్నారు. ఆయన భాషలో అది ఆశీర్వాదమే.

ఐసు పెట్టె

ఆవిడ ఆ సాయంత్రమే సీసాలతో తిరుగు బస్సెక్కి, ఆ మర్నాడు రాత్రి మళ్లీ బయల్దేరి, తెల్లారేసరికి అమీర్‌పేటలో దిగారు. చేతిలో సీసాలున్న ఐసు పెట్టె, చేపలకు వాడేది. నేను ఎదురెళ్లేసరికి ఆవిడ చుట్టూ పదిమంది కరపత్రాల కుర్రాళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం గ్యారంటీ అంటూ తలా ఒకటి ఆవిడ చేతిలో పెడుతున్నారు. ఆవిడ అన్నీ మర్యాదగా తీసుకుని, కారుతున్న ఐసు నీళ్లు తుడవడానికి వాడుకుంటున్నారు.

"బస్సులో అందరూ ముక్కు మూసుకున్నారండి. పక్క సీటాయన లేచి డ్రైవర్ దగ్గరికెళ్లి కూర్చున్నాడు, ఆయ్. కాళ్లు చాపుకుని హాయిగా వచ్చాను," అన్నారు.

పని మొదలెట్టాను. మా మెషీన్ చేసేది తేలికగానే చెప్పొచ్చు. నీళ్లలో చిన్న పాదరసపు బొట్టు వేలాడుతుంది. సీటు లేని రాగి దానిలోకి చేరుతుంది, తరవాత దాన్ని బయటికి తరిమితే ఎంత ఉందో గీత గీసి చూపిస్తుంది. నేను ఏరు నీళ్లనూ ట్యాంకు నీళ్లనూ వేరువేరు గిన్నెల్లో పోసి, ఒక్కో చుక్కగా రాగి కలుపుతూ, ప్రతిసారీ కుదురుకోనిచ్చి చూశాను.

డికాషన్ నీళ్లలో ఎన్ని చుక్కలు వేసినా గీత లేవలేదు. వేసిన రాగి వేసినట్టే సీట్లలో సర్దుకుంటోంది. చాలాసేపటికి గాని ఆటో నిండలేదు. కొబ్బరినీళ్లలో అయితే ఏమీ కలపకముందే గీత లేచి నిలబడింది. ఇంకొక చుక్క వేస్తే ఇంకొంచెం లేచింది. అందులో సీట్లే లేవు. బొగ్గు ఫిల్టర్ రంగుతో పాటు సీట్లన్నీ, వాటిలో కూర్చున్న రాగితో సహా, పీకేసింది. దాని తరవాత ఇత్తడి వాల్వుల దగ్గర దిగిన రాగి తిన్నగా పిల్లల మీద పడుతోంది. వాల్వులు ఎప్పుడూ ఉన్నవే, కాపాడే మురికే పోయింది.

నాకు ఆ రోజు కలిగిన సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు. ఒక మనిషి బాధకు కారణం నా ఎదురుగా గీతై నిలబడింది. పై అంతస్తులో ఎవరో జావా పాఠం గట్టిగా చెబుతున్నారు. నేను వాళ్లలో ఎవరితోనూ నా కుర్చీ మార్చుకోను అనిపించింది.

మూడు కాళ్ల కుందేలు

సారుకు చూపిస్తే మెషీన్ పాడైందన్నారు. మెషీన్ బాగుందని చూపిస్తే గిన్నె పాడైందన్నారు. దసరా సంగతి నామీదికే తిరిగొచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న రకం. చివరికి కోటు తొడుక్కుని, నన్ను పక్కకు జరగమని, గిన్నెలు తనే కడిగి, మొత్తం మళ్లీ తనే చేశారు. మధ్యాహ్నం భోజనం కూడా మానేశారు. వరలక్ష్మి గారు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఆయన వీపు వంకే చూస్తున్నారు. అవే గీతలు వచ్చాయి.

"మనం ఇచ్చిన రిపోర్టు తప్పు గాదు," అన్నారు సారు కోటు విప్పుతూ.

"అంకె తప్పు కాదు సార్. దాన్ని బట్టి మనం అన్న మాటే తప్పు."

మీకు నేను చెప్పగలిగిన అసలు సంగతి ఇదే. సరైన అంకెతో తప్పు మాట చెప్పడం మన వృత్తిలో అన్నిటికంటే తేలిక, ఎందుకంటే ఎవరూ పట్టుకోలేరు. ఇంకొకటి కూడా చెబుతాను. పై అధికారి మొండివాడైతే బాధపడకండి. ఏ మొండివాడైనా తన చేత్తో గిన్నె కడిగి చూడడానికి ఒప్పుకుంటే వాడి కింద పని చేయొచ్చు. చూడకుండా "అలాగే కానీ" అనే మంచివాడితోనే ప్రమాదం.

సారు ఆవిడ వైపు తిరిగారు. "అమ్మా, మా మాట నమ్మి మీరు పరేషానైన్రు. కొత్త కాగితం నేనే రాసిస్త. గానీ మూడో విడత మొత్తం ఒకటేసారి పొయ్యకున్రి. ముందుగాల మూడు బకెట్లు పెట్టున్రి. ఒక దాంట్ల ఫిల్టర్ నీళ్లు, ఒక దాంట్ల ఇసుకల వడగట్టిన ఏరు నీళ్లు, ఇంకోదాంట్ల ఫిల్టర్ నీళ్లల్ల జర ఇ.డి.టి.ఎ. కలిపి. అది సుత రాగిని పట్టుకుంటది. ఏంది జరుగుతదో మీ కండ్లతోని సూడున్రి. మా మెషీన్‌ను నమ్ముడు గాదు."

"ఆ మందు పక్క హేచరీల్లో వేస్తారండి. మాకెప్పుడూ అవసరం పడలేదు," అన్నారావిడ.

"మీ ఏరే వేసి పంపేదండి ఇన్నాళ్లూ," అన్నాను.

బకెట్ల కబురు ఆవిడ రెండు రోజుల్లోనే చెప్పారు. మొదటి దాంట్లో పిల్లలు అడుక్కి చేరాయి, మిగతా రెండింటిలో ఈదుతున్నాయి. వాల్వులన్నీ పీకించి ప్లాస్టిక్‌వి పెట్టించారు. బొగ్గు ఫిల్టర్ పక్కన పెట్టి, డికాషన్ నీళ్లే ఇసుకలో వడగట్టి, మూడో విడత అందులో వదిలారు. ఇక ఎదురుచూడడమే. పోయిన రెండు విడతలూ ఏ వయసులో పోయాయో ఆ వయసు దాటితే గాని ఏదీ చెప్పలేం. ఆ వారమంతా నేను ఇంట్లో కూరలో ఉప్పు వేశానో లేదో కూడా చూసుకోలేదు. మా ఆయన రెండుసార్లు వేశావని చెబుతూనే తిన్నారు. సారు ఫోను మోగితే నాకంటే ముందు లేచేవారు. మోగిన ప్రతిసారీ ఎవరో ఒరాకిల్ క్లాసు టైమింగులు అడిగేవారు. ఆయన వాళ్లను తిట్టి పెట్టేసేవారు.

ఒక పొద్దున సారు ఇంకా రాలేదు, ఫోను నేనే ఎత్తాను. వరలక్ష్మి గారు. బాగున్నారా అని కూడా అడగలేదు.

"దాటాయండి," అన్నారు. "నిన్నటితో ఆ వయసు దాటేశాయి. ట్యాంకు నిండా ఉన్నాయండి. మా ఆయన పొద్దున్నే వచ్చి చూశారు. కొనేవాళ్లకి రావద్దని కబురు పెట్టారు. ఈసారి నాకు చెప్పి మరీ పెట్టారండి."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కార్డ్‌లెస్ ఫోనండి, ట్యాంకు దగ్గరికి తీసుకెళ్తున్నాను. వినండి," అన్నారు.

గాలి గొట్టం బుడబుడమంటున్న చప్పుడు వచ్చింది. రొయ్య పిల్లలు చప్పుడు చేయవు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆవిడ ఫోను అలాగే పట్టుకున్నారు, నేను వింటూనే ఉన్నాను.

ఇంతలో సారు మెట్లెక్కి వచ్చారు. నా మొహం చూసి, ఎవరని అడగకుండానే చెయ్యి చాచారు.

"జర నాకు సుత ఇయ్యి."

ఇచ్చాను. చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఆ బుడబుడలు విన్నారు. తరవాత ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, అవతల వాళ్లు నిద్రపోతున్నట్టు మెల్లగా, "మస్తుగున్నయమ్మా," అన్నారు.